ఏ జెండా పట్టని ఓటరు నోరు విప్పాలంటే

(హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఆఫీసులు వదిలే వేళ కోఠి ట్రాఫిక్‌లో పడి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం.

నిర్వాహకులు నాకు మూడు విషయాలు ఇచ్చారు. తటస్థ ఓటరు, ఆర్థిక విధానం, భావప్రకటనా స్వేచ్ఛ. వీటిని విడివిడిగా మాట్లాడటం నాకు చేతకాదు, ఎందుకంటే నా దృష్టిలో ఇవి ఒకే సమస్య. ఏ పార్టీకీ చెందని మనిషి మాట్లాడటానికి భయపడే చోట ప్రజల డబ్బు లెక్క తేలదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు ఆ మనిషి ఉన్నాడా లేడా చూద్దాం. "మన దగ్గర తటస్థులెవరండీ, అందరూ కులం చూసో పార్టీ చూసో ఓటేసేవాళ్లే" అని టీవీ చర్చల్లో రోజూ వింటాం. అంకెలు ఆ మాట చెప్పడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వైఎస్సార్‌సీపీకి దాదాపు 50 శాతం ఓట్లు, 151 సీట్లు వచ్చాయి. 2024లో అదే పార్టీకి 39 శాతం పైచిలుకు ఓట్లు, 11 సీట్లు. అవతలి మూడు పార్టీలు పొత్తు పెట్టుకున్నాయి కాబట్టి సీట్లు అంతలా పడిపోయాయి, నిజమే. అయినా నూటికి పదిమంది ఐదేళ్లలో మనసు మార్చుకున్నారన్నది కూడా నిజమే.

తెలంగాణ సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 2023 డిసెంబరులో కాంగ్రెస్‌కు 64 సీట్లు, బీఆర్ఎస్‌కు 39. ఓట్లలో తేడా చూస్తే సుమారు రెండు శాతమే. ఐదారు నెలలు తిరగకుండానే, 2024 మే 13న లోక్‌సభకు ఓటేశాం. బీఆర్ఎస్ ఓటు 37 శాతం నుంచి 17 శాతం లోపుకు జారి ఒక్క సీటూ రాలేదు. బీజేపీ ఓటు 14 శాతం నుంచి 35 శాతానికి వెళ్లి ఎనిమిది సీట్లు వచ్చాయి. అవే ఊళ్లు, అవే ఇళ్లు, అవే కులాలు. అసెంబ్లీకి ఒక లెక్క, పార్లమెంటుకు ఒక లెక్క వేసుకున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. వీళ్లనే గోడ మీద పిల్లులని వెక్కిరిస్తారు. గెలుపోటములు తేల్చేది మాత్రం వీళ్లే.

ఎమ్మెల్యే పార్టీ మారడం వేరు. ఓటరు తన ఓటును మార్చుకుంటాడు, ఎమ్మెల్యే మన ఓటును తీసుకెళ్లి వేరేవాళ్ల చేతిలో పెడతాడు. 2019లో పన్నెండు మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. 2024లో బీఆర్ఎస్ నుంచి పదిమంది కాంగ్రెస్ వైపు వెళ్లారని సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. దాని గురించి మరోసారి మాట్లాడుకుందాం.

తటస్థుడంటే అభిప్రాయాలు లేనివాడని చాలామంది అనుకుంటారు. నన్నే తీసుకోండి. మహిళలకు ఉచిత బస్సును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. 2023 డిసెంబరు 9న అది మొదలైన తర్వాత దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో నిలబడి చూడండి, ఇళ్లలో పని చేసుకునే ఆడవాళ్లకు నెల జీతంలో ఎంత మిగులుతోందో వాళ్లే చెప్తారు. అదే మనిషిని, 2018లో మొదలైన రైతుబంధును అప్పటి రూపంలో సమర్థించను. ఎన్ని ఎకరాలున్నా ఎకరం లెక్కన డబ్బు ఇచ్చారు, ఆ భూమిని నిజంగా దున్నుతున్న కౌలు రైతుకు మాత్రం రూపాయి ఇవ్వలేదు. పట్టా ఉన్న పెద్దమనిషికి సాయం, అప్పు చేసి పంట వేసినవాడికి మొండిచెయ్యి. మొదటి మాట అనగానే నన్ను కాంగ్రెస్‌వాడిననీ, రెండో మాట అనగానే రైతు వ్యతిరేకిననీ అంటారు. రెండూ ఒకే సూత్రం మీద చెప్పిన మాటలని వినే ఓపిక ఎవరికీ లేదు. సాయం కష్టంలో ఉన్నవాళ్లకు చేరుతోందా లేదా అన్నదే నా ప్రశ్న.

ఇక డబ్బు లెక్క. 2023 డిసెంబరు 20న కొత్త ప్రభుత్వం అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టింది. రాష్ట్రం అప్పు మొత్తం 6,71,757 కోట్లని చెప్పింది. తెలంగాణ వచ్చినప్పుడు ఇది 72,658 కోట్లేనని కూడా అందులోనే ఉంది. నాలుగు రోజులకు బీఆర్ఎస్ తెలంగాణ భవన్‌లో దానికి పోటీగా 'స్వేదపత్రం' (స్వేదం అంటే చెమట) విడుదల చేసి, ఆ అంకె తప్పు, అసలు అప్పు అందులో సగం కూడా లేదంది. వారం రోజులు టీవీలన్నీ ఇదే గోల. ఒక యాంకరు "నిజం మధ్యలో ఎక్కడో ఉంటుంది" అని చర్చ ముగించారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. రెండు అంకెలు కూడి రెండుతో భాగిస్తే నిజం రాదు.

ఆ శ్వేతపత్రం తెరిచి చూస్తే లెక్క నాలుగు భాగాలుగా ఉంటుంది. ఒకటి, బడ్జెట్ ద్వారా ప్రభుత్వం నేరుగా తెచ్చిన అప్పు, సుమారు 3.89 లక్షల కోట్లు. ఇది రాష్ట్రం అప్పేనన్న దాంట్లో ఎవరికీ తగాదా లేదు. రెండోది, కార్పొరేషన్ల పేరుతో తెచ్చి, ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చి, తిరిగి ప్రభుత్వమే కడుతున్నది, 1.27 లక్షల కోట్లు. మూడోది, గ్యారంటీ ప్రభుత్వానిదే, కట్టవలసింది మాత్రం ఆ సంస్థ, 95 వేల కోట్లు. నాలుగోది, గ్యారంటీ కూడా లేకుండా సంస్థలు సొంతంగా తెచ్చుకున్నది, 59 వేల కోట్లు.

ఇప్పుడు ఎవరి జెండా పట్టుకోకుండా ఆలోచించండి. రెండోది కచ్చితంగా మన అప్పే. కార్పొరేషన్ అనే బోర్డు పెట్టినంత మాత్రాన అది ఎక్కడికీ పోదు, మన పన్నుల్లోంచే వాయిదా కడుతున్నాం. 2022లో కేంద్రం కూడా ఇలాంటి అప్పులను రాష్ట్రం అప్పుల పరిమితిలోనే లెక్కేస్తామంది, అప్పుడు ఇక్కడ పెద్ద గొడవే అయింది. నాలుగోదాన్ని మొత్తంలో కలిపి భయపెట్టడం సరికాదని నా అభిప్రాయం, అక్కడ బీఆర్ఎస్ వాదనలో పస ఉంది. మూడోది రిస్కు. ఆ సంస్థ బాగుంటే మన మీద పడదు, మునిగితే మొత్తం మనమే కట్టాలి. ఇంతే విషయం. పదో తరగతి చదివినవాళ్లకు ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. ఇది ఐదు నిమిషాలు చెప్పనిచ్చే వేదిక ఆ వారం రోజుల్లో నాకు ఎక్కడా కనబడలేదు. చర్చకు ఇద్దరిని పిలుస్తారు, ఇద్దరూ పార్టీల అధికార ప్రతినిధులే.

మాట్లాడనివ్వకపోతే ఖర్చు ఎంతవుతుందో తెలియాలంటే కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టును చూడాలి. ప్రాణహిత నీళ్లను తుమ్మిడిహట్టి దగ్గర మళ్లించాలన్నది పాత ప్రణాళిక. రీడిజైన్ పేరుతో దాన్ని మేడిగడ్డకు మార్చి 2016 మే 2న శంకుస్థాపన చేశారు, 2019 జూన్ 21న ప్రారంభించారు. ఆ మధ్య కాలంలో కొందరు రిటైర్డ్ ఇంజనీర్లు, కొందరు జర్నలిస్టులు అడిగిన ప్రశ్నలు చాలా మామూలువి. అంత ఎత్తుకు నీళ్లు ఎత్తిపోయడానికి కరెంటు బిల్లు ఎంత? ఎకరానికి ఎంత పడుతుంది? పాత చోటును ఎందుకు వదిలేశారు? వాళ్లకు దొరికిన జవాబు తెలంగాణ ద్రోహులన్న ముద్ర. వాళ్లలో చాలామంది తెలంగాణ ఉద్యమంలో నీళ్ల లెక్కలు చెప్పి జనాన్ని మేల్కొలిపినవాళ్లే. ఆ ముద్ర చూసి మిగతావాళ్లు నోరు మూసుకున్నారు. యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లు మూసుకున్నారు, సర్వీసులో ఉన్న ఇంజనీర్లు ఎలాగూ మాట్లాడలేరు.

2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. 2024 ఫిబ్రవరిలో, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదిక అసెంబ్లీ ముందుకు వచ్చింది. కేంద్ర జల సంఘానికి చెప్పిన ఖర్చు 81,911 కోట్లు, అది 1.47 లక్షల కోట్లు దాటుతుందని కాగ్ తేల్చింది. పెట్టే ప్రతి రూపాయికి తిరిగొచ్చేది 52 పైసలేనని లెక్కకట్టింది. దీని మీద బీఆర్ఎస్ వాదన వాళ్లకుంది, బ్యారేజీ ఒక్కటే ప్రాజెక్టు కాదంటారు, ఆ మాటా వినాల్సిందే. నేనడిగేది వేరు. ఈ లెక్కలు 2016లోనే అసెంబ్లీలో, పేపర్లలో, జిల్లా సభల్లో ధైర్యంగా మాట్లాడుకునే వాతావరణం ఉంటే ఎన్ని వేల కోట్లు మిగిలేవి? భావప్రకటనా స్వేచ్ఛ కవులకూ కార్టూనిస్టులకూ సంబంధించిన వ్యవహారమని అనుకునేవాళ్లు ఈ బిల్లు ఒకసారి చూడాలి.

ఇదే నగరంలో దీనికంటే పాత ఉదాహరణ ఉంది. ఇక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో బషీర్‌బాగ్. 2000 ఆగస్టు 28. ప్రపంచ బ్యాంకు అప్పుతో విద్యుత్ సంస్కరణలు, దాంతో పెరిగిన ఛార్జీలు. వాటికి వ్యతిరేకంగా అసెంబ్లీ వైపు కదిలిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. విద్యుత్ బోర్డు నష్టాల్లో ఉందన్న మాటలో అబద్ధం లేదు, సంస్కరణ అవసరమే. కానీ ఎవరి మీద ఎంత భారం వేయాలి, చిన్న రైతుకు మినహాయింపు ఎంత, పెద్ద మోటార్లవాళ్లు ఎంత కట్టాలి అన్న బేరసారాలు జనంతో జరగలేదు. అధికారులు తేల్చారు, జనం వీధికి వచ్చారు, తుపాకీ పేలింది.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. 2004 మే 14న ఎల్బీ స్టేడియంలో ప్రమాణ స్వీకారం చేసిన వైఎస్ రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్ ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. కరవులో కుంగిపోయిన రైతుకు ఆ రోజు అది ఊపిరి, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ తర్వాత ఇరవై ఏళ్లు దాటినా ఉచిత విద్యుత్ మీద నోరెత్తడానికి పార్టీల నాయకులు జంకుతూనే ఉన్నారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది 24 గంటలైంది. భూగర్భ జలం ఎంత లోతుకు పోయింది, నాలుగు బోర్లున్న ఆసామికి ఎంత పోతోంది, ఒక్క బోరూ లేనివాడికి ఏమొస్తోంది? అడిగితే బషీర్‌బాగ్ గుర్తుచేసి నోరు మూయిస్తారు. అప్పుడు మాట్లాడుకోకుండా మోపారు, ఇప్పుడు మాట్లాడుకోకుండా పంచుతున్నారు. రెండుసార్లూ లోపించింది చర్చే. అందుకే ఎన్నికలు వేలంపాటలా తయారయ్యాయి. ఒకరు ఎకరానికి పది వేలంటే ఇంకొకరు పన్నెండు అంటారు. డబ్బు ఎక్కడిదని అడిగేవాడు ఇద్దరికీ శత్రువే.

అడిగేవాడికి చట్టం ఏం రక్షణ ఇస్తోంది? రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నాలుగు నెలలకే, 1950 మే 26న, సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు తీర్పులిచ్చింది. ఒకటి మద్రాసు ప్రభుత్వం నిషేధించిన 'క్రాస్ రోడ్స్' అనే వామపక్ష పత్రిక కేసు. రెండోది ఢిల్లీలో ముందస్తు సెన్సార్ పెట్టిన 'ఆర్గనైజర్' అనే హిందూత్వ పత్రిక కేసు. రెండు పత్రికలూ గెలిచాయి. ప్రభుత్వం ఊరుకోలేదు. 1951లో మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చి, శాంతిభద్రతల లాంటి కారణాలతో మాట మీద ఆంక్షలు పెట్టే వీలు కల్పించుకుంది. ఎడమవాళ్లకూ కుడివాళ్లకూ ఒకే రోజు దక్కిన స్వేచ్ఛను అధికారం మళ్లీ కత్తిరించింది. మన నోటికి సంకెళ్లు వేసేది ఫలానా సిద్ధాంతం అని ఎవరైనా అంటే, ఈ చరిత్ర చూపించండి. కుర్చీలో కూర్చున్న ఎవరికైనా ఆ కోరిక పుడుతుంది.

ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన పోస్టు పెట్టారని జైలుకు పంపే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. కొట్టేసినా పోలీసులు ఆ సెక్షన్ కింద కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి, 2022 అక్టోబరులో ఇక పెట్టొద్దని మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. మన దగ్గరే చూడండి. 2017లో జనం నిరసనలు తెలిపే ఇందిరా పార్కు ధర్నా చౌక్ మూసేశారు, 2018 నవంబరులో హైకోర్టు కల్పించుకునేదాకా అక్కడ టెంటు వేయనివ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 జనవరిలో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో నంబర్ 1 తెచ్చారు, మే నెలలో హైకోర్టు కొట్టేసింది. ఆనాడు వీటి మీద గొంతు చించుకున్న పార్టీలు అధికారంలోకి వచ్చాక సోషల్ మీడియా పోస్టులకు కేసులు పెట్టడం మానాయా? రెండు రాష్ట్రాల్లోనూ మానలేదు.

ఇక్కడ ఒక తేడా గమనించండి, నా మాటల్లో ముఖ్యమైనది ఇదే. పార్టీ కార్యకర్త మీద కేసు పడితే వాళ్ల లీగల్ సెల్ లాయరు రాత్రికి రాత్రి స్టేషన్‌కు వస్తాడు. బెయిల్ మీద బయటికొస్తే దండలు వేస్తారు, రేపు కార్పొరేటర్ టికెట్ దొరికినా దొరుకుతుంది. అదే పోస్టు ఏ పార్టీకీ చెందని కాంట్రాక్టు లెక్చరరో, కిరాణా కొట్టతనో, ప్రైవేటు ఉద్యోగో పెట్టాడనుకోండి. ఫోను తీసుకుంటారు, స్టేషన్ చుట్టూ తిప్పుతారు, లాయరు ఫీజు సొంత జేబులోంచి పోతుంది. పాస్‌పోర్టు ఎంక్వైరీకి ఏమవుతుందో అని ఇంట్లో టెన్షన్. చివరికి కేసు కొట్టేసినా అతను మళ్లీ రాయడు. అతన్ని చూసి ఇంకో పాతికమంది రాయరు. మిగిలేది రెండు పార్టీల సైన్యాల అరుపులే, దాన్నే మనం ప్రజాభిప్రాయం అనుకుంటాం.

కేసుల దాకా కూడా అక్కర్లేదు. మన అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులు చూడండి. 'నో పాలిటిక్స్ ప్లీజ్' అని మొదటి నియమం. కారణం నాకు తెలుసు, ఒకసారి మొదలైతే ఒకరినొకరు పెయిడ్ బ్యాచ్ అనుకునేదాకా పోతుంది. కానీ ఆస్తి పన్ను, నాలాలు, మంజీరా నీళ్లు, మెట్రో ఛార్జీలు, ఇవన్నీ రాజకీయమే కదా. పక్కింటాయనతో మాట్లాడలేనివి ఎక్కడ మాట్లాడతాం?

(సభలో ఒకరు లేచి అడిగారు: "బూతులు తిట్టేవాళ్లనీ, ఆడవాళ్ల ఫొటోలు మార్ఫింగ్ చేసేవాళ్లనీ కూడా వదిలేయమంటారా సార్?")

వదిలేయమనను అన్నా, చాలా సరైన ప్రశ్న అడిగారు. బెదిరింపు, మార్ఫింగ్, ఫలానా వాళ్ల ఇళ్ల మీద పడండి అని ఉసిగొల్పడం, వీటికి కేసు పెట్టాల్సిందే, త్వరగా శిక్ష పడాల్సిందే. 66ఏ తీర్పులోనే గీత ఉంది. ఒక విషయాన్ని చర్చించడం, దాన్ని గట్టిగా సమర్థించడం, హింసకు ఉసిగొల్పడం, ఈ మూడూ వేరు. మూడోదాకా వస్తేనే ప్రభుత్వం చెయ్యి వేయాలి. 2025 సెప్టెంబరులో మన తెలంగాణ హైకోర్టు కూడా సోషల్ మీడియా కేసుల మీద మార్గదర్శకాలిచ్చింది. ఫిర్యాదు చేసినవాడు నిజంగా బాధితుడేనా చూడాలి, ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేయాలి, రాజకీయ విమర్శ మీద యాంత్రికంగా కేసు కట్టొద్దు అంది. బాధేమిటంటే, ఆడపిల్ల ఫిర్యాదు పట్టుకుని స్టేషన్ల చుట్టూ తిరుగుతుంది, మంత్రిని విమర్శించినవాడి ఇంటికి మాత్రం తెల్లవారుజామునే జీపు వస్తుంది. ఈ వరుస తిరగబడాలి.

మీరు అడగకపోయినా ఇంకో అభ్యంతరం నేనే చెబుతాను. తెలుగు ఓటరు స్వేచ్ఛ కోసం ఎప్పుడైనా ఓటేశాడా? ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఉత్తరాది మొత్తం కాంగ్రెస్‌ను ఓడిస్తే, మనం 42 లోక్‌సభ సీట్లలో 41 దానికే ఇచ్చాం. జనతా పార్టీ నుంచి నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే గెలిచారు. ఇది చేదు నిజం, దాటవేయకూడదు. సెన్సార్ మనకు అంతగా తగలలేదు, భూమి పట్టాలు, ఇళ్ల స్థలాలు తగిలాయి. కానీ ఏడేళ్లకే, 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేస్తే ఇదే జనం నెల రోజులు వీధుల్లోనే ఉన్నారు. సెప్టెంబరు 16న ఆయన్ని తిరిగి కూర్చోబెట్టేదాకా వదల్లేదు. వాళ్లందరూ తెలుగుదేశం వాళ్లు కారు. నా ఓటును ఎవరో రాజభవన్‌లో కూర్చుని రద్దు చేయడమేంటన్న కోపం అది. తన బతుకుతో, తన ఓటుతో ముడిపడి కనబడితే మనవాడు స్వేచ్ఛ కోసం లేస్తాడు. అలా ముడివేసి చూపించాల్సిన పని మనది.

ఈ ఊరికి ఆ బాకీ ఉంది కూడా. ఈ సుల్తాన్ బజార్‌లోనే 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పుట్టింది. నిజాం కాలంలో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది, దాని ప్రకారం అనుమతి లేకుండా సభ పెట్టకూడదు. ఇక్కడికి దగ్గర్లోనే, 1948 ఆగస్టులో, 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను చంపేశారు. హైదరాబాద్ భారతదేశంలో కలవాలనీ, రజాకార్లది తప్పనీ రాశాడు. ఆయన ముస్లిం కాబట్టి తమ వైపే ఉండాలని రజాకార్లు ఆశించారు. ఉండలేదు, రాసిన చేతినే నరికారు. తనవాళ్లనుకున్న వాళ్ల మీదే కలం ఎత్తడానికి ఎంత గుండె కావాలో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ మాట రాదు.

ఇక ఓటింగు. రెండు నిమిషాలే. 2023లో రాష్ట్రం మొత్తం 70 శాతం దాటి ఓటేస్తే హైదరాబాద్ జిల్లా యాభైకి చేరలేదు. 2024 లోక్‌సభకు హైదరాబాద్, సికింద్రాబాద్ రెండూ యాభై లోపే. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలోనూ సగం మంది రాలేదు. ఇంట్లో కూర్చున్న ఆ సగంలో ఏ పార్టీ నచ్చనివాళ్లే ఎక్కువని నా నమ్మకం. వాళ్లను నేను తిట్టను. ఎవరూ తమ ప్రశ్న అడగడం లేదని వాళ్లు రావడం లేదు.

అందుకని మీ అందరితో ఒక పని చేయించాలని వచ్చాను. వచ్చే ఎన్నిక ఏదైనా సరే, మీ కాలనీలో సంక్షేమ సంఘం తరఫున అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీదికి పిలవండి. మూడు ప్రశ్నలు రాసి ముందే పంపండి. మీరు ఇచ్చే హామీకి డబ్బు ఏ పద్దు నుంచి తెస్తారు? కార్పొరేషన్ల పేరుతో తెచ్చే అప్పులను ఏటా బడ్జెట్‌తో పాటు తెలుగులో ఒక పేజీలో అచ్చువేస్తారా? మీ పార్టీని విమర్శించినవాడి మీద కేసు పెట్టాలని మీ కార్యకర్త స్టేషన్‌కు వెళ్తే మీరేం చేస్తారు? జవాబులు ఫోనులో రికార్డు చేసి కాలనీ గ్రూపులో పెట్టండి, ఆ ఒక్కరోజు 'నో పాలిటిక్స్' నియమం పక్కన పెట్టండి. రానివాళ్ల కుర్చీ ఖాళీగా ఉంచి, దాని మీద పేరు రాయండి. ఆ ప్రశ్నల కాగితాలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి, వెళ్లేటప్పుడు తలా నాలుగు తీసుకెళ్లండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.